మూడో గడిలో కోళ్లు

1983 జూన్ 20, సోమవారం

జీపు లాగ్ బుక్కులో ఇకమీదట ఒక్క అక్షరం కూడా రాయవద్దని ఆడిటర్ గారు ఖమ్మం నుంచి ట్రంకాల్ చేసి చెప్పారు. హెడ్మిస్ట్రెస్‌గా జీవితమంతా హాజరుపట్టీలు దిద్దినదాన్ని. రాయకుండా ఉండలేను. అందుకని ఈ డైరీ.

మా అబ్బాయి వెంకటరామారావుకు భద్రాచలంలో పంపుసెట్ల దుకాణం. జీపు దుకాణం పేరు మీద ఉంది. డీజిల్, రిపేర్లు, డ్రైవర్ బద్యా జీతం, బండి అరుగుదలకు డిప్రిసియేషన్ అన్నీ దుకాణం ఖర్చు కింద చూపి పన్ను తగ్గించుకుంటాం. కాని అదే జీపులో మనవరాలు బడికి వెళుతుంది, నేను పర్ణశాల వెళతాను. ఆ మేరకు ఖర్చు తీసివేసి చూపాలి. అందుకే లాగ్ బుక్కులో గడులు గీశాను. మొదటి గడి దుకాణం. రెండో గడి ఇల్లు.

మూడో గడి గీసింది కూడా నేనే. 'ఇతరములు'.

జూన్ 21

మూడో గడి సంగతి. వాగు అవతలి కోయ గూడేల నుంచి ఎవరినైనా దవాఖానాకు తేవాలంటే బద్యా జీపు తీసుకుని పోతాడు. డబ్బు తీసుకోము. వాళ్లు ఊరికే ఎక్కరు. దిగగానే ఒక కోడిని మా వాకిట్లో కట్టేసి పోతారు. మొదట్లో వద్దన్నాను. బద్యా నన్నే మందలించాడు. "కోడిని వద్దంటె మల్ల సచ్చినా బండెక్కరు పెద్దమ్మా. ముష్టేసినవనుకుంటరు" అన్నాడు. సరే, తీసుకున్నాను. వచ్చినదాన్ని రాయాలి కదా. రాబడి వైపు రాశాను: కోడి ఒకటి, సంత ధర పన్నెండు రూపాయలు.

అలా ప్రతిసారీ రాశాను.

జూన్ 23, సాయంత్రం

అబ్బాయి ఖమ్మం నుంచి వచ్చాడు. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు. ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసరు మొదటి రెండు గడులూ చూసి మెచ్చుకున్నాడట. మూడో గడి దగ్గర ఆగి, "మీ అమ్మగారు కోళ్ల ఫారం కూడా నడుపుతున్నారా?" అని అడిగాడట. గదిలో అందరూ నవ్వారట. తర్వాత నవ్వకుండా అన్నాడట: దుకాణం పని కాదు, ఇంటి పని కాదు, రాబడి మాత్రం ఉంది. అంటే జీపు కిరాయికి తిరుగుతోంది. ఆ రాబడి రిటర్నులో ఏది? కిరాయి పర్మిట్ ఏది? జీపు ఖర్చు మొత్తం కొట్టేస్తానన్నాడు. రవాణా ఆఫీసుకు రాస్తే బండినే పట్టుకుపోతారని ఆడిటర్ గారి భయం. జూలై అయిదున మళ్లీ హాజరు కావాలి. అంతవరకు దుకాణం పనికి తప్ప చక్రం కదలకూడదట.

అవి కిరాయి కావు, మర్యాద అన్నాను.

"మర్యాదకు ధరెందుకు కట్టినవమ్మా?" అన్నాడు అబ్బాయి.

ముందు చెప్పులు విడిచి రమ్మన్నాను.

జూన్ 24

మనవరాలు గొడుగు వేసుకుని బడికి నడిచి వెళ్లింది.

జూన్ 28, మంగళవారం

సంతకు వచ్చిన వాగు అవతలి గూడెం పగిడయ్య మా వీధిలో కనిపించాడు. అతని భార్య జంపక్కకు నెలలు నిండాయి. తొలి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి చనిపోయింది. ఈసారి దవాఖానాలోనే కావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కబురు పెట్టు, జీపు పంపుతానని ఉగాది నాడు నేనే మాట ఇచ్చాను. ఇప్పుడు అతనికి ఏం చెప్పాలో తెలియక అరుగు మీద నిలబడ్డాను. అతనే తల వంచుకుని వీధికి ఆ పక్క నుంచి వెళ్లిపోయాడు. పిలిచాను. వినపడనట్టే పోయాడు.

జూలై 1

పగిడయ్య ఎందుకు తప్పించుకు తిరుగుతున్నాడని బద్యాను నిలదీశాను. నసిగి నసిగి చెప్పాడు. గూడెమంతా తెలిసిపోయిందట. "మన కోళ్లు పెద్దమ్మ కొడుకును కోర్టుకెక్కిచ్చినయంట అంటున్రు. పెద్దలు కూసోని ఇగ ఆ బండెక్కొద్దని జెప్పిన్రు. పగిడయ్యకు మీ మొకం జూడాల్నంటె సిగ్గయితాంది" అన్నాడు.

కోర్టు కాదు, ఆఫీసు అని దిద్దాను. బద్యా నన్ను అదోలా చూశాడు.

జూలై 4, ఉదయం

రేపటి హాజరు కోసం అబ్బాయి బస్సులో ఖమ్మం వెళ్లాడు. జీపు తాళం జేబులో వేసుకున్నాడు. "నీ దగ్గరుంటె ఇచ్చేస్తవ్. నీ సంగతి నాకెర్కలేదా ఏంది" అన్నాడు. వాన పట్టింది.

మధ్యాహ్నం

జంపక్కకు నొప్పులు మొదలయ్యాయని పర్ణశాల బస్సు కండక్టరు వచ్చి చెప్పాడు. పగిడయ్య పంపిన కబురు కాదు. కండక్టరు తనంతట తనే చెప్పాడు.

"తీగలు కలిపి స్టార్ట్ జేస్త. మీరు ఊఁ అనుండ్రి చాలు" అన్నాడు బద్యా. మా బడిలో ఇలాంటి పని చేసిన పిల్లను బెంచీ ఎక్కించేదాన్ని.

ఊఁ అన్నాను.

సాయంత్రం

బద్యా ఒక్కడే వచ్చాడు. వాగు రోడ్డు మీది నుంచి పోతోందట. అవతలి గట్టున నలుగురు భుజాన మోసుకొచ్చిన మంచం మీద జంపక్క, పైన తాటాకు గొడుగు, పక్కన పగిడయ్య. వాగు తగ్గేదాకా ఉంటానని బద్యా ఇవతలి నుంచి కేకేశాడట. "మోసుకుంటనే పోతం! బండి మాకొద్దు! పెద్దమ్మను జైల్ల ఏపియ్యం!" అని పగిడయ్య అరిచాడట. జీపు కదిలేదాకా మంచం నేల మీద దించనివ్వలేదట. మోసేవాళ్లు నీళ్లలో తడుస్తూ అలాగే నిలబడ్డారట. ఇక చూడలేక, తను పోతేనైనా దించుతారని బద్యా బండి తిప్పుకుని వచ్చేశాడు.

జూలై 5, తెల్లవారగానే

వాన తెరిపి ఇచ్చింది. బద్యా తీగలు కలుపుతున్నాడు. నేనూ వెళుతున్నాను. జరగవలసినవి ఇవి. చివరిదొక్కటే నా చేతిలో ఉంది.

1. వాగు తగ్గాలి.

2. అంతదాకా జంపక్క ఓర్చుకోవాలి.

3. నన్ను చూసైనా పగిడయ్య మంచాన్ని జీపు దగ్గరికి తేవాలి.

4. దుకాణం పనికి తప్ప బండి కదలడం లేదని ఖమ్మంలో అబ్బాయి చెప్పే మాటను ఆఫీసరు నమ్మాలి.

5. పగిడయ్య మా వాకిట్లో కోడిని కట్టేసి పోవాలి.

6. దాన్ని లాగ్ బుక్కులో రాయాలి. మూడో గడిలోనే. ధర కట్టకుండా.