బుట్ట చేతుల జాకెట్టు చింపను

అత్తయ్యగారికి,
మీ కోడలు తల వంచుకునే రాస్తున్నది. (ఎత్తి రాయడం కుదరదు కదా.)

మీ అమ్మాయి పురిటికని వెళ్తూ నాకు మూడు పనులు చెప్పారు. నీళ్ళ డ్రమ్ము కడిగాను. కిటికీలకు రంగు వేయించాను. మీ ట్రంకు పెట్టెలో పాత బట్టలన్నీ చింపి గచ్చు తుడిచే గుడ్డలు చేయమన్నారు చూడండి, అది మాత్రం చేయలేదు. చేయను. మీ ఎదుటైతే ఈ మాట నా నోట రాదు. కాగితం మీద వచ్చేసింది.

కత్తెర పట్టుకునే కూర్చున్నాను. ముందు చేతికొచ్చింది మీ ఎర్ర బుట్ట చేతుల జాకెట్టు. ఒక్కసారి తొడుక్కుని చూసి చింపుదామనుకున్నాను. అద్దంలో చూసుకున్నాక కత్తెర పక్కన పెట్టి, ఆ జాకెట్టుతోనే కూరగాయలకు వెళ్ళాను. దారిలో ముగ్గురు ఆపి, ఎక్కడ కొన్నావని అడిగారు.

ఈ ఒక్క విషయంలో తప్ప మీ మాట జవదాటని,
కోడలు

తా.క.: మీ అబ్బాయి మామయ్యగారి బెల్ బాటం ప్యాంటు వేసుకుని ఆఫీసుకెళ్ళారు. ఒక కాలు సైకిల్ చెయినులో ఇరుక్కుంది. రెండోది బాగానే ఉంది.

*

కోడలికి,
మీ అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని, నీ ఉత్తరం రెండుసార్లు చదువుకుని రాస్తున్నది.

ఇంటి పరిస్థితి ఇంతదాకా వచ్చిందని ఒక్కరూ చెప్పలేదేం? వాడి ఉద్యోగం పోయిందా? దాచకు. తన పాత ప్యాంటు కొడుకు వేసుకుంటున్నాడని తెలిసి మీ మామయ్య ముద్ద ముట్టడం లేదు.

ఆ జాకెట్టు సంగతి నీకేం తెలుసు? దాన్ని వేసుకుని ఓ పెళ్ళికి వెళ్తే, మా తోడికోడలు పదిమందిలో "చేతుల్లో గాలి కొట్టించుకొచ్చావా?" అంది. ఆ రోజే పెట్టెలో పడేశాను. నిన్ను ఆపి అడిగారంటే ఎగతాళికే, పిచ్చిదానా.

ఆదివారం మా తమ్ముడు వ్యాను వేసుకొస్తాడు. చింపిన గుడ్డలు, ఖాళీ పెట్టె, కుట్టుమిషను కూడా ఇచ్చి పంపు. మిషను నీ దగ్గరుంటే ఇంకెన్ని పాతవి సరిచేసి పైకి తీస్తావో.

దిగులుతో,
మీ అత్తయ్య

తా.క.: వాడు ఆఫీసు కుర్చీలో కూర్చున్న ఫోటో ఒకటి పంపు. నడుము పైనుంచి చాలు.

*

అత్తయ్యగారికి,
మీ కోడలు ఈసారి కాగితం కుట్టుమిషను మీదే పెట్టుకుని రాస్తున్నది.

ఆయన ఉద్యోగం ఉంది. మిషను ఇవ్వను. మీ తమ్ముడుగారు వచ్చారు. నేను ఎదురు చెప్పలేదు, మిషను ముందు కూర్చుని కుడుతూనే ఉన్నాను. ఆయన కాసేపు చూసి, తన చొక్కా చిరుగు కుట్టించుకుని, ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయారు.

నా చదువు ఐదో తరగతితో ఆగింది. పాత బట్టలు మళ్ళీ ఎందుకొస్తాయో పెద్ద మాటల్లో చెప్పలేను. నాకు తోచింది ఇది. ఆ జాకెట్టును చూసి నవ్వినవాళ్ళకు వయసైపోయింది. నా ఈడువాళ్ళు దాన్నెప్పుడూ చూడనేలేదు. దాన్ని చూస్తే మీకు మీ తోడికోడలి మాట వినిపిస్తుంది. నాకు జాకెట్టే కనిపిస్తుంది.

పైగా ఈ కాలం కుట్లలో లోపల గుడ్డ వదలరు, కాస్త ఒళ్ళొస్తే పారేయడమే. మీదాంట్లో రెండు వేళ్ళ గుడ్డ వదిలారు. విప్పి నాకు సరిపెట్టుకున్నాను. చింపడానికి కుట్టినది కాదది.

పెట్టె మీద కూర్చునే ఉన్న,
కోడలు

తా.క.: ఫోటో జత చేశాను. నడుము కిందిది కూడా పడింది. కావాలనే.

*

కోడలికి,
ఓపిక పట్టి మీ అత్తయ్య రాస్తున్నది.

నీతో వాదించను. ఈ కాలం బట్ట ఎలా ఉంటుందో చూపిస్తాను. మీ ఆడపడుచు ఇక్కడి కొట్టు నుంచి కొత్త రకం జాకెట్లు మూడు తెప్పించింది. 'మేఘం చేతులు' అంటారట. చేతులు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి గానీ, ఆ పాతదానికీ వీటికీ పోలికే లేదు. నేనూ ఒకటి తొడుక్కున్నాను. పసివాణ్ణి చూడ్డానికొచ్చిన మా తోడికోడలు దాని మీంచి చూపు తిప్పుకోలేదు. ఏ కొట్లో కొన్నావని రెండుసార్లు అడిగింది. మూడోది నీకు పంపుతున్నాను. నలుగురిలోకి వెళ్ళేటప్పుడు ఇది వేసుకో.

నీ మంచి కోరే,
మీ అత్తయ్య

తా.క.: లోపల గుడ్డ కూడా బాగా వదిలారు. ఈ రోజుల్లోనూ పద్ధతైన కుట్టుపనివాళ్ళు ఉన్నారు. చూసి నేర్చుకో.

*

అత్తయ్యగారికి,
మీ కోడలు నవ్వు ఆపుకుని రాస్తున్నది.

మీరు పంపిన జాకెట్టు నాకు అతికినట్టు సరిపోయింది. నేనే కుట్టాను మరి. మీ ఎర్ర జాకెట్టును కాగితం మీద పరిచి గీసుకుని, ఇరవై కుట్టి రెడీమేడ్ కొట్టుకిచ్చాను. మేఘమని పేరు పెట్టింది ఆ కొట్టాయన. వాటిలో కొన్ని మీ ఊరి కొట్టుకు పంపాడని మీ పార్సిలు విప్పాకే తెలిసింది.

ఆనాడు మీ తోడికోడలు నవ్వింది ఈ బుట్ట చేతుల్ని చూసే. మొన్న కొట్టు పేరు అడిగిందీ వాటిని చూసే. మారింది వాటి పేరొక్కటే.

మిషను ఇక్కడే ఉంటుంది.

కోడలు

*

కోడలికి,
అత్తయ్య గొంతు తగ్గించి రాస్తున్నది.

నీ ఉత్తరం మీ ఆడపడుచు బిగ్గరగా చదివింది. పక్క గదిలో మా తోడికోడలుంది. విన్నది. విననీ.

మిషను కదపకు. పెట్టెకు తాళం వెయ్యి, మిగతావి కొట్టాయన కంట పడనీకు. సోమవారం బండికి వస్తున్నాను. కత్తిరింపు నాది, కుట్టు నీది.

మీ అత్తయ్య

తా.క.: మేఘాలట, మేఘాలు. అవి బుట్ట చేతులు. ఆ పేరుతో అమ్మనంటే వాడికి ఒక్క జాకెట్టు కూడా ఇవ్వొద్దు.