తలుపు మీది కాగితం

సోఫియా, ఏప్రిల్ 14

చెల్లీ పావ్లినా,

నీ ఇంట్లో ఆ కిటికీ గది ఖాళీ చేసి ఉంచు. ఈ నెలాఖరుకి విదిన్ వచ్చేస్తున్నాను. ఎందుకని నువ్వు అడిగేలోపే చెబుతాను, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాట.

ల్యూబెన్ పోయిన నలభయ్యో రోజుకి అతని కూతురు బోర్యానా సంతాప కాగితాలు అచ్చు వేయించింది. మా వీధి తలుపుకి, కరెంటు స్తంభాలకి, అతను కూర్చునే తోటలోనూ ఆమె మనుషులెవరో అంటించి పోయారు. అడుగున "దుఃఖంలో ఉన్నవారు: కూతురు, అల్లుడు, మనవలు" అని ఉంది. పంతొమ్మిదేళ్ళు అతనికి కాఫీ కలిపిన నేను ఎక్కడా లేను. పెళ్ళి చేసుకోలేదు, నిజమే. కానీ రొట్టె కొనడానికి రోజూ ఆ తలుపు తీసుకుని వెళ్ళేది నేనే కదా. పైగా అందులో వేసిన ఫొటో అతని పాతికేళ్ళప్పటిది. నల్ల మీసాలు, సైనికుడి టోపీ.

నిన్నటికి ఆర్నెల్లు. బోర్యానా పొద్దున్నే వర్నా రైలు దిగి వచ్చింది. భుజాన సంచీ, అందులో ఆర్నెల్లకి మళ్ళీ అంటించే సంతాప కాగితాల కట్ట. నాన్న రోజూ ఎటు నడిచేవారో చూపిస్తారా అండీ అని అడిగింది. పదేళ్ళప్పుడు తల్లి వెంట వెళ్ళిపోయిన పిల్ల, ఈ ఊరు సరిగ్గా చూసిందే లేదు. పోయినవాడి పేరిట పంచడానికి చక్కెర కలిపిన ఉడికించిన గోధుమల డబ్బా తీసుకుని బయల్దేరాను.

పసుపు రాళ్ళ వీధి వానకి జారుతోంది. చెయ్యి పట్టుకోమంటే అక్కర్లేదంది, రెండడుగులకే పట్టుకుంది. బంగారు గోపురాల చర్చి ముందు మెడలు నొప్పెట్టేదాకా పైకి చూశాం. మీ నాన్న చర్చి వైపు చూసేవాడే కాదు, ఆ పక్కన పాత సామాన్లవాళ్ళతో గంటసేపు బేరమాడి ఉత్త చేతులతో వచ్చేవాడని చెప్పాను. నవ్వింది. నవ్వితే అచ్చం అతనే.

పాత స్నానశాల పక్కన వేడినీళ్ళ కుళాయిల దగ్గర సీసాలు నింపుకునేవాళ్ళకి తలా గుప్పెడు గోధుమలు పెట్టాను. దేవుడు ఆయన్ని క్షమించాలని అంటూ తిన్నారు. తర్వాత థియేటర్ ముందు తోటకి వెళ్ళాం. చదరంగం ఆడే మెతోదీ నన్ను చూడగానే లంకించుకున్నాడు.

"ఏమ్మా స్నెజాంకా, మీ ఆయన ఆర్నెల్లుగా మొహం చాటేశాడేం? ఓడిపోయే ఆట మధ్యలో పారిపోతే ఎలా?"

అంతలో గోధుమల డబ్బా చూసి నోరు మూసుకున్నాడు. ఈ స్తంభానికీ కాగితం అంటించారు కదా అన్నాను.

"ఆ మీసాల కుర్రాడా? ఎవరి బిడ్డో పాపం అని టోపీ కూడా తీశానే," అన్నాడు.

లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత బోర్యానా ఎవరని అడిగాడు. నేనే చెప్పాను.

సాయంత్రం రైలెక్కేదాకా ఆమె సంచీలోంచి ఒక్క కాగితమూ తియ్యలేదు. నా ఎదుట అంటించడం ఇష్టం లేదేమో. నేనూ అడగలేదు. ఇక రోజూ ఆ కాగితం చూస్తూ తలుపు తియ్యడం నా వల్ల కాదు.

నీ అక్క,
స్నెజాంకా

వర్నా, ఏప్రిల్ 17

పిన్నికి,

ఇలా పిలవొచ్చో లేదో అడక్కుండానే పిలుస్తున్నాను. ఆ రోజు సంచీలో ఉన్నవీ అలాంటి కాగితాలే. అదే ఫొటో, అవే పేర్లు. మీ తలుపుకి అంటించబోతుంటే మీరే వచ్చి తలుపు తీశారు.

కుళాయిల దగ్గర అందరూ మిమ్మల్నే ఓదార్చారు. నాకు ఒళ్ళు మండింది, కూతుర్ని నేనే కదా అని. తోటలో ఆ పెద్దాయన నన్నెవరని అడిగితే మీరేమన్నారో గుర్తుందా? "ల్యూబెన్ ముద్దుల కూతురు, ఇంట్లో రోజూ ఈ పిల్ల మాటే," అన్నారు. మీ పేరు నేను మర్చిపోయి వదల్లేదు పిన్నీ. అమ్మ బాధపడుతుందని కావాలనే వదిలేశాను. ఆ కట్టంతా రైల్లోనే చింపేశాను.

మళ్ళీ అచ్చు వేయిస్తాను. ముసలి నాన్న ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు. కళ్ళజోడుతో ఉన్నది పంపండి, చదరంగం వాళ్ళు గుర్తుపట్టాలి. అడుగున మొదటి పేరు మీది. తలుపుకి మాత్రం మీ చేత్తోనే అంటించండి.

బోర్యానా

సోఫియా, ఏప్రిల్ 21

పావ్లినా,

ఆ గదిలో నీ బంగాళాదుంపలే పోసుకో. బోర్యానా ఉత్తరం దీంతో పంపుతున్నాను, చదివి భద్రంగా తిరిగి పంపు.

అలమారంతా వెతికితే కళ్ళజోడుతో ఉన్న ఫొటో ఒక్కటే దొరికింది, అదీ ఇద్దరం కలిసి ఉన్నది. నన్ను నేనే కత్తిరించేసి పంపాను. ఈసారి బాధ అనిపించలేదు, కింద పేరుంటుంది కదా. అతని భుజం మీద నా చెయ్యి మాత్రం కత్తెరకి అందలేదు. ఉండనీ అనుకున్నాను.

నీ స్నెజాంకా