నాలుగు గంటల నీళ్లు

నౌకాదళం గుమాస్తాగారికి నమస్కారం.

రేవులో ఓడల్ని లాగే నా టగ్గుబోటును యుద్ధానికి తీసుకున్నారు. మంచిది. దాంతోపాటు ఇంజను చూసే నా బావమరిదీ మీ దగ్గరికి వచ్చాడు. చుక్కాని గదిలో నూనె డబ్బాలో ఒక మిరపమొక్క ఉంది. చనిపోయేముందు నా భార్య నాటింది. రోజూ చెంబెడు నీళ్లు పోయించగలరు.

ఇట్లు,
టగ్గు యజమాని

తా.క. బావమరిదికి చెప్పి లాభం లేదు. వాడికి స్నానమే గుర్తుండదు.

యజమానిగారికి,

మీ బోటుకు బూడిదరంగు వేసి, తుపాకీ బిగించాం. సామాను జాబితాలో మిరపమొక్క లేదు. అది ఆహారమా, ఆయుధమా తెలుపగలరు.

భవదీయుడు,
గుమాస్తా

తా.క. పచ్చగా ఉంది కాబట్టి శత్రువును మభ్యపెట్టే సామగ్రి కింద రాయమన్నారు పై అధికారి. ఒక్కటి చాలదట. ఇంకో నలభై పంపగలరా?

గుమాస్తాగారికి నమస్కారం.

అది మొక్క. నలభై లేవు. ఉన్నది ఒక్కటే. నీళ్లు పోస్తున్నారా?

ఇట్లు,
టగ్గు యజమాని

తా.క. మా ఆవిడ సాయంత్రం నాలుగింటికి పోసేది.

యజమానిగారికి,

ఉత్తర్వు జారీ అయింది. రోజూ సరిగ్గా నాలుగింటికి ఇంజను ఆపి, మొక్కను డెక్కు మీదికి తెచ్చి, బోటులోని ఎనిమిది మందీ వరసగా నిలబడగా కెప్టెన్ నీళ్లు పోయాలి. ఇంజను మనిషికీ మినహాయింపు లేదు.

భవదీయుడు,
గుమాస్తా

తా.క. ఆలస్యంగా వచ్చినందుకు మీ బావమరిదికి రెండు మందలింపులు. "మా అక్క ఉన్నప్పుడూ ఇదే గోల" అన్నాడట.

యజమానిగారికి,

మంగళవారం సముద్రంలో శత్రువుల మందుపాతర తగిలి మీ బోటు మునిగిందని తెలుపడానికి చింతిస్తున్నాం. పరిహారం ఫారం జతచేశాం. మూడు ప్రతులు నింపగలరు.

భవదీయుడు,
గుమాస్తా

గుమాస్తాగారికి,

ఫారం వద్దు. బోటు పోతే పోయింది. వాడెక్కడ? ఇంజను గది వదిలి బయటికి రాని మనిషి. కనిపెట్టుకుని ఉంటానని వాళ్లక్కకు మాటిచ్చాను. ఒక్క ముక్క రాయండి.

టగ్గు యజమాని

తా.క. ఏమీ లేదు.

యజమానిగారికి,

ఎనిమిది మందీ క్షేమం. మందుపాతర పేలింది సరిగ్గా ఇంజను గది కిందే. అప్పుడు టైము నాలుగు దాటి రెండు నిమిషాలు. గదిలో ఎవరూ లేరు. అందరూ డెక్కు మీద మొక్క ముందు నిలబడి ఉన్నారు. అదే వరసలో చిన్న పడవలోకి దిగారు.

భవదీయుడు,
గుమాస్తా

తా.క. మొక్కా క్షేమం. బతికినవారి జాబితాలో తొమ్మిదో పేరుగా ఎక్కింది. తీసెయ్యడానికి మా దగ్గర ఫారం లేదు. మీ బావమరిది దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. శనివారం మీ ఇంటికి తెస్తాడు. "నాలుగింటికల్లా వచ్చేస్తా బావా, ఈసారి ఆలస్యం చెయ్యను" అని రాయమన్నాడు.