తప్పు తొడుగుది కాదు

మార్చి 3, మంగళవారం

నల్ల కారు వెనక్కి వచ్చింది. బానెట్ నిండా గీతలు. మామూలుగా చూస్తే కనపడవు, టార్చి వేస్తే మాత్రం సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా బయటపడుతున్నాయి. షోరూమ్ మేనేజర్ స్వయంగా తోలుకొచ్చాడు. ఆయన జేబులో పెన్ను లేకపోవచ్చు గానీ టార్చి లేకుండా ఉండదు. అందుకే వదినా నేనూ ఆయనకి టార్చయ్య అని పేరు పెట్టుకున్నాం. ఈరోజు ఎవరికీ నవ్వు రాలేదు.

టార్చయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. కస్టమర్ చేతికి వెళ్లే ప్రతి కొత్త కారూ ముందు మీ షెడ్డుకే పంపిస్తున్నాం, ఇలా అయితే కష్టం, కారు తుడవడానికి చేతికి తొడుక్కునే మిట్ మారుస్తారో చెయ్యి మారుస్తారో మీరే తేల్చుకోండి అన్నాడు. రెండు వారాల్లో ఇంకో నల్ల కారు పంపిస్తాడట. అదే ఆఖరి అవకాశమట. చెయ్యి అన్నప్పుడు వదిన వైపు చూశాడు.

వదినంటే మా ఆయన అక్క. షెడ్డు ఆవిడ పెట్టిందే. పద్దెనిమిదేళ్లుగా కార్లు కడుగుతోంది, నాకు పని నేర్పిందీ ఆవిడే. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలుస్తోంది. ఇంట్లో అందరూ ఆ కళ్ల గురించే గుసగుసలు.

ఎవరికీ తెలియనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ గీతలు నావి.

శనివారం వదిన కారంతా కడిగి లోపలికి తినడానికి వెళ్లింది. ఇంతలో ఒక పిట్ట వచ్చి బానెట్ మీద రెట్ట వేసి పోయింది. నేను తొడుగు అందుకున్నాను (మిట్‌ని వదిన తొడుగు అంటుంది, నాకూ అదే అలవాటైంది). ఫోన్ మోగింది. తొడుగు జారి నేల మీద పడింది. కింద పడింది ఇక చక్రాలకే, కారు ఒంటికి తగలకూడదని వదిన మొదటి రోజే చెప్పింది. వేరే తొడుగులన్నీ ఉతికి ఆరేసి ఉన్నాయి. నీళ్లలో రెండుసార్లు జాడించి, ఏం కాదులే అనుకుని, బానెట్ మొత్తం తుడిచేశాను.

నేలంతా ఇసుకే కదా! నాకు బుద్ధుండాలి.

మార్చి 4, బుధవారం

సగం రోజు పాలిష్ మెషీన్ పట్టి గీతలు తీసి కారు పంపించాం. చివర్లో వదిన, తొడుగు పాతబడిపోయింది, పోగులు గట్టిపడ్డాయి, తప్పు దానిదే అంది.

నేను అవునన్నాను. ఎంత తొందరగా అన్నానో! ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఇక్కడ ఆడలేనిది నేను, మద్దెలని తిడుతున్నది పాపం వదిన. తొడుగుకి నోరు లేదు కాబట్టి ఏ గొడవా లేదు, ఇలాగే సర్దుకుపోతుంది అనుకున్నాను.

మార్చి 6, శుక్రవారం, మధ్యాహ్నం 3

అక్షరాలు కుదరడం లేదు.

పొద్దున మూడు కొత్త తొడుగులు వచ్చాయి. ఒకటి వానపాముల్లాంటి లావు పోగులది. ఒకటి పొట్టి పోగులది, టవల్లాగా ఉంది. మూడోది అసలైన గొర్రె ఉన్ని. వదిన ఒక్కోదాన్నీ తడిపి చెంపకి రాసుకుంది. చెంప ఒప్పుకోనిది పెయింట్ ఒప్పుకోదట. పొట్టిదాన్ని అక్కడే పక్కన పడేసింది. ఇసుక రేణువు దొరికితే దాచుకోవడానికి దీంట్లో లోతేదీ, నేరుగా పెయింట్ మీదే ఈడుస్తుంది అంది. ఉన్నిదాన్ని మాత్రం చెంప మీద నుంచి తియ్యబుద్ధి కానట్టు అలాగే పెట్టుకుంది. ఇంత ముద్దుగా నా పెళ్లిలో నన్ను కూడా చూడలేదు వదినా అన్నాను. నువ్వు ఇంత మెత్తగా లేవు కదే అంది. ఇద్దరం నవ్వాం. వారంలో అదే మొదటి నవ్వు.

తర్వాత పెయింటర్ దగ్గర్నుంచి పాత నల్ల బానెట్ తెప్పించి, అద్దంలా పాలిష్ చేసి, టేపుతో నాలుగు గళ్లు చేసింది. మూడు గళ్లు కొత్త తొడుగులకి, నాలుగోది పాతదానికి. పక్కన పడేసినదాన్నీ వదల్లేదు, పరీక్ష అంటే అందరికీ పరీక్షే అంది. ఒకే షాంపూ, గుండ్రంగా కాకుండా నిలువుగా, గడికి యాభైసార్లు. టార్చి నా చేతికిచ్చి చూసి చెప్పమంది.

ఏ గడిలోనూ ఒక్క గీత లేదు. పాత తొడుగు గడిలో కూడా!

పాతది నిర్దోషి అని తేలితే ఇక మిగిలింది వదిన చెయ్యే. అందుకని అబద్ధమాడాను. పాతదాని గడిలో ఉన్నాయి వదినా, సన్నవి, చాలా సన్నవి అన్నాను. తప్పు తొడుగు మీదకి పోతుంది, అందరం బతుకుతాం అనుకున్నాను. ఒట్టు, ఆవిడ కోసమే అనుకున్నాను.

వదిన వంగి చూసింది. టార్చి అటూ ఇటూ తిప్పమంది. ముక్కు రేకుకి తగిలేంత వంగింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత లేచి, అవును ఉన్నాయి అంది.

లేవు. అక్కడ ఏమీ లేదు.

మార్చి 7, శనివారం

వదిన ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పేసింది. తమ్ముడూ, నాకు ఇక గీతలు కనపడటం లేదురా, ఈ పనికి నేను పనికిరాను అంది. టార్చయ్య అన్నది నిజమేనట, మార్చాల్సింది చెయ్యేనట. స్నేహితురాలి జెరాక్స్ షాపులో పదహారో తారీఖు నుంచి కౌంటర్లో కూర్చుంటుందట. కూర్చుని చేసే పనట.

మా ఆయన, మంచిదే అక్కా, ఎన్నాళ్లని వంగి వంగి చేస్తావు, రెస్ట్ తీసుకో అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్క ముసలిదైపోయిందని నువ్వే తీర్మానించేశావా అని గయ్యిమన్నాను. నీకెందుకంత ఉక్రోషం అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది నేనే.

వదిన షెడ్డు తాళంచెవి మెడలోంచి తీసి నా చేతిలో పెట్టింది. చిన్నప్పటి ఫొటోలో కూడా ఆ మెడలో ఏదో ఒక తాళంచెవి ఉంటుందని మా ఆయన నవ్వుతూ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

మార్చి 9, సోమవారం

ఈరోజు చెప్పేద్దామని వెళ్లాను. వదిన బెంచీ మీద కూర్చుని సూది, దారం పెట్టుకుని ఎక్కిస్తోంది. మొదటిసారికే ఎక్కింది. అయినా నమ్మనట్టు దారం లాగేసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ లాగేసింది. నన్ను చూసి సూది జాకెట్‌కి గుచ్చేసుకుని, టీ తాగుతావా అంది.

తాగాను.

మార్చి 10, మంగళవారం

చెప్పలేదు.

మార్చి 11, బుధవారం

వదిన మెట్లు దిగేటప్పుడు పాదంతో తడుముకుంటోంది. పోయిన వారం గబగబా దిగిన మెట్లే అవి. ఎదురుగా వస్తున్న మనిషిని చూసి, ఎవరో వస్తున్నారు కదూ అని నన్నడిగింది. కళ్లకి ఏమీ కాలేదు, నమ్మకం పోయింది. నేనే తీసేశాను.

సాయంత్రం ఉన్ని తొడుగు నాకప్పగించింది. కారు నడుముకి పైభాగానికి ఇది, కింది తలుపులకీ బంపర్లకీ లావు పోగులది, రెండూ కలపకూడదు అంది. చన్నీళ్లలోనే ఉతకాలి, నీడలోనే ఆరెయ్యాలి, ఆరాక దువ్వెనతో దువ్వాలి, ఎండకి పెట్టావంటే అట్టలా బిగుసుకుపోతుంది అంది. కారు ఒంటిని తుడిచిన ప్రతిసారీ ముందు మంచినీళ్ల బకెట్లో జాడించి, ఆ తర్వాతే సబ్బునీళ్లలో ముంచాలట. ఇవన్నీ నాకు తెలుసు. తెలుసని ఆవిడకీ తెలుసు. ఆస్తి పంచిపెడుతున్నట్టు చెబుతుంటే తలూపుతూ నిలబడ్డాను.

మార్చి 12, గురువారం, పొద్దున 6

మాటలు కూర్చుకుంటున్నాను. వదినా, ఆ రోజు... వదినా, కోప్పడకు... కోప్పడకూ అని ఏ మొహం పెట్టుకుని అడగను? కోప్పడాల్సిందే.

ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. పదహారున ఆవిడ ఆ కౌంటర్లో కూర్చుంటే ఇక లేవదు. నాకు తెలుసు ఆ మొండితనం.

మార్చి 13, శుక్రవారం

చెప్పాను.

వదిన పైపు పెట్టి నేల కడుగుతుంటే చెప్పాను. పిట్ట, ఫోన్, తొడుగు జారడం, జాడించడం, తుడవడం అన్నీ చెప్పాను. వదిన వింటూ నేల కడుగుతూనే ఉంది. పోనీలే, మెషీన్ పడితే పోయే గీతలే కదా, ముందే చెప్పాల్సింది అంది. కోపం కూడా రాలేదు. అక్కడితో ఆపేస్తే బతికిపోయేదాన్ని.

ఆపలేదు. ఆ నల్ల రేకు మీద కూడా గీతలు లేవు వదినా, ఉన్నాయని అబద్ధం చెప్పాను అన్నాను.

పైపు ఆపింది. టార్చి తీసుకుని మూలనున్న రేకు దగ్గరికి వెళ్లింది. నాలుగో గడి మీద వెలుగు పెట్టి, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందకి చూసింది. లేవు కదా అంది. లేవు అన్నాను. నాకూ కనపడలేదే, మరి కనపడ్డాయని ఎందుకన్నానో అంది. ఆ మాట నన్నడగలేదు, తనని తనే ప్రశ్నించుకుంది.

అప్పుడు ఏడ్చింది. వదిన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, వాళ్లాయన పోయినప్పుడు కూడా. వారం రోజులుగా నా కంచంలో ఏముందో కూడా చేత్తో ముట్టుకుని చూసుకున్నానే, నువ్వు పక్కనే కూర్చుని చూశావే అంది. నీకు చెప్పడానికి నోరెందుకు రాలేదే అంది. క్షమించమని అడిగాను. నా చెయ్యి తోసేసి వెళ్లిపోయింది.

మార్చి 14, శనివారం

మా ఆయనకి చెప్పాను. అన్నం మధ్యలో లేచి అక్క దగ్గరికి వెళ్లాడు. టార్చయ్యకి ఫోన్ చేసి చెప్పాను, చెయ్యి మా వదినది కాదు, నాది అని. మంగళవారం కారు వస్తుంది, ఎవరి చెయ్యైనా నాకు బానెట్టే ముఖ్యం అన్నాడు. వీడికి మనసు బదులు కూడా టార్చే ఉంది.

మార్చి 16, సోమవారం

వదిన జెరాక్స్ షాపుకి వెళ్లింది. రోడ్డు అవతల నుంచి చూశాను. కౌంటర్ వెనక కూర్చుని ఎవరికో కాగితాలు లెక్కపెట్టి ఇస్తోంది. అద్దంలోంచి నన్ను చూసింది. చూసి కూడా తల తిప్పుకుంది.

షెడ్డులో ఒక్కదాన్నే. మూడు కార్లు కడిగాను. మధ్యాహ్నం తినలేదు.

మార్చి 17, మంగళవారం, పొద్దున 9

నల్ల కారు వచ్చింది. రెండు బకెట్లూ నింపాను. ఉన్ని తొడుగు వేసుకున్నాను. బానెట్ ముందు నిలబడి పావుగంటైంది, చెయ్యి ముందుకి పోవడం లేదు. అందుకే తొడుగు విప్పి ఇది రాస్తున్నాను.

మార్చి 17, మధ్యాహ్నం

వదిన వచ్చింది. ఉన్ని తొడుగు అందుకుని, జరగమంది.

జరిగాను.