నూనె పోయని గిరక

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బోధన్‌లో నీ ట్యూషన్ పిల్లలకు ఇప్పుడు నేనే ఫిజిక్స్ చెబుతున్నాను. ఇవాళ నీలాగే దూలానికి గిరక కట్టి పసుపు సంచిని ఎత్తించాను. తాడు లాగిన పనిలో సంచి ఎత్తడానికి పనికొచ్చింది ఎంతో లెక్క కడితే, దక్షత బాగా తగ్గింది. మిగతాదంతా రాపిడికే పోయింది. గిరక ఒకటే కిర్రుమంటోంది.

"పెద్ద మేడమైతే ముందుగాల నూనె పోస్తుండె," అంది ముందు బెంచీ పిల్ల. "గప్పుడు దక్షత మస్తు వస్తుండె."

అందరూ తలూపారు. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో అవ్వ కూడా అంతే, నేనేం వండినా నీ వంటే గుర్తుచేస్తుంది.

నీ నూనె డబ్బా అలమరలోనే ఉంది. రేపు కూడా ముట్టుకోను. దక్షత తగ్గితే తగ్గనీ. ఆ గదిలో ఆ కిర్రు చప్పుడొక్కటే నాది.