పారాచూట్ గుడ్డ

విశాఖపట్నం,
ఫిబ్రవరి 1949

ప్రియమైన మహాలక్ష్మికి,

యుద్ధం ముగిసి మూడేళ్లు దాటింది, రాజుగారి సంస్థానం పోయి కొత్త సర్కారూ వచ్చింది, మన దుకాణానికి మాత్రం పర్మిట్ బట్ట రాలేదు. బట్టల మీద కంట్రోల్ ఎత్తేస్తారు, మళ్లీ పెడతారు. ఇక్కడ యుద్ధంలో మిగిలిన సరుకు సర్కారు వేలం వేస్తోంది. ఉన్నదంతా పెట్టి పారాచూట్ గుడ్డ ఒక బేలు కొన్నాను. తెల్లగా పట్టులా ఉంది, పర్మిట్ అక్కర్లేదు. లారీలో పంపుతున్నాను. విప్పవద్దు. రంగులు కొనుక్కుని వస్తాను, అద్దకం వేసి చీరలుగా అమ్ముదాం. ఇదీ పోతే భోపాలపట్నం వదిలి అన్నయ్య కొట్లో గుమాస్తాగా చేరడమే.

నీ శ్రీరంగం

భోపాలపట్నం,
మార్చి

శ్రీవారికి నమస్కారాలు.

బేలు చేరింది. విప్పాను. మనకు అడవి సరుకు తెచ్చే కోయ మనిషి హుంగే వచ్చి గుమ్మంలో కూర్చుంది. "అమ్మా, మా మామ పోయిండు. మీద కప్పనీకి గుడ్డ లేదు" అంది. చుట్టాలు కొత్తగుడ్డ కప్పకుండా మనిషిని సాగనంపడం వాళ్లకెంత నామోషీయో మీకు తెలుసు. కోసి ఇచ్చాను. మర్నాటి నుంచి ఊళ్లకు ఊళ్లే వచ్చాయి. యుద్ధం రోజుల్లో గుడ్డ లేకుండా పోయినవాళ్ల పేరున నిలిపిన రాళ్ల మీద ఇప్పుడు కప్పుతారట. కాదనలేకపోయాను. బేలు అయిపోయింది, అంతా అరువే. తిట్టాలనుంటే ఇంటికొచ్చి తిట్టండి.

మీ మహాలక్ష్మి

విశాఖపట్నం,
మార్చి

మహాలక్ష్మికి,

విప్పవద్దని రాశాను. కొన్న రంగులు ఇప్పుడు నా నెత్తికి పూసుకోవాలి. చచ్చినవాళ్లు బాకీ తీరుస్తారా? అన్నయ్యకు రాసేశాను. సామాను సర్దు.

శ్రీరంగం

భోపాలపట్నం,
మే

ప్రియమైన మీకు,

సామాను సర్దడానికి ఇంట్లో చోటు లేదు. హుంగే వాళ్లు చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు తెచ్చి వరండా నింపేశారు. నేనెవర్నీ అడగలేదు. సరుకంతా కొంటానని జగదల్‌పూర్ సేఠ్ కబురు పెట్టాడు. దుకాణం నిలబడుతుంది. రావడం లేదని బావగారికి రాయండి. వచ్చేటప్పుడు ఉప్పు తెండి, వీళ్లంతా అదే అడుగుతున్నారు.

ఈ మాట ముందే రాయాల్సింది. యుద్ధం రోజుల్లో మన బాబు పోతే మీ పాత పంచెలో చుట్టి సాగనంపాం. బట్టల కొట్టువాడి బిడ్డకు గజం కొత్తగుడ్డ దొరకలేదు. ఆ సంగతి మీరు మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. హుంగే గుమ్మంలో కూర్చున్నప్పుడు నాకు వాడే కనిపించాడు.

బేలులో ఒక ముక్క ఉంచాను. ఇద్దరం కలిసి వాడి దగ్గరికి తీసుకెళ్దాం. మీ రంగులు పారేయకండి. వాడికి పసుపంటే ఇష్టం.

మీ మహాలక్ష్మి