బాయిలరు చెడలేదు, మేమే పని మానాము

కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: హోటలు లాండ్రీలో మేము చేసిన ఒక రోజు సమ్మెను బాయిలరు మరమ్మతుగా నమోదు చేయుట – చెడని బాయిలరును చెడగొట్టినాడని మా అల్లుని పనిలో నుండి తీసివేయుట – సమ్మెను సమ్మెగానే రాయించి, నాతో సహా అందరికీ తగిన శిక్ష ఇప్పించవలెనని కోరుట గురించి.

ఈ అర్జీదారు సదరు లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నడుము వంగేదాకా పనిచేసిన మనిషి. తమరికి మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా లాండ్రీ హోటలు అడుగున, కిటికీ లేని హాలులో ఉన్నది. పైన పడుకునేవారి దుప్పట్లు, తువ్వాళ్ళు గోడలోని గొట్టం గుండా మా నెత్తిన పడును. వాటిని ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడిచి పైకి పంపుదుము. వేడినీళ్ళకు, ఆవిరికి, ఇస్త్రీకి అన్నింటికీ ఒక్కటే బాయిలరు. దానిని నడుపువాడు మా అల్లుడు. అల్లుడు గనుక వెనకేసుకొస్తున్నానని తమరు అనుకొనరాదు. ఆ మనిషి నాకు మొదటి నుండీ నచ్చడు. నా కూతురు నాలుగు మాటలు అడిగితే ఒకదానికి జవాబు చెప్తాడు, బాయిలరుతో మాత్రం పొద్దస్తమానం కబుర్లు చెప్తాడు. అయినా ఆ బాయిలరు అతని చేతిలో ఉన్నంతకాలం ఒక్కసారి కూడా మొరాయించలేదు. నచ్చకపోవడం వేరు, నిజం వేరు.

2. పరాయి దేశమొకదానిలో మాబోటి లాండ్రీ పనివాడు ఒకడు, ఉతికిన దుప్పట్ల మూట భుజాన వేసుకుని వీధి దాటుచుండగా, అక్కడి పోలీసులు అతని ఒంటి రంగు చూసి, ఆ రంగు మనిషి దగ్గర ఇంత తెల్లటి బట్టలు ఎక్కడివని దొంగగా నిర్ణయించి కాల్చి చంపినారు. ఆ వీడియో మా ఫోన్లకు వచ్చినది. మూట విడిపోయి దుప్పట్లు రోడ్డు మీద పడి ఉన్నవి. అంచు లోపలికి పెట్టి మూడు మడతలు. మేమూ అలాగే మడుస్తాము. అది చూశాక మా హాలులో ఎవరికీ చేతులు ఆడలేదు. కాల్చినవారిది తప్పేమీ లేదని ఆ దేశపు ప్రభుత్వం తేల్చేసినది. తర్వాత కొద్ది రోజులకే ఆ ప్రభుత్వపు పెద్దలు కొందరు వచ్చి మా హోటలులోనే దిగుతారని తెలిసినది. మేము ఉతికిన దుప్పటి వాళ్ళ పక్కల మీదికి వెళ్ళకూడదని అందరం ఒక్కమాట అనుకొంటిమి.

3. వారు దిగిన రోజున నలభై మందిమి పని ఆపి, బట్టల బండ్లు వచ్చే వెనక గేటు దగ్గర నిలబడితిమి. చనిపోయినవాని పేరు మా నోటికి తిరగదు. తప్పు పలికితే పోయినవాణ్ణి అవమానించినట్టని మా యూనియన్ నాయకుడు అందరిచేతా ముందే వల్లె వేయించినాడు. మడత బల్ల ఆవిడ ఆ పేరు అట్ట మీద రాసి పట్టుకున్నది. మా అల్లుడు అందరికంటే ఆఖరున వచ్చినాడు. బాయిలరంటే ఊదేసి లేచిపోయే పొయ్యి కాదు గదా. మంట తగ్గించి, ఆవిరి మెల్లగా వదిలి, చల్లారనిచ్చి, చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడినాడు. అంతలో వాన పడినది. ఒక్కరూ కదలలేదు. దాపరికమెందుకు, ఆ రోజు మమ్మల్ని చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

4. నిల్వ ఉన్న దుప్పట్లు సగం గదులకే సరిపోయినవి. సమ్మె సంగతి అతిథుల చెవిన పడితే పరువు పోవునని మేనేజరు గారు భయపడి, ముందు రోజు ఎవరో పడుకుని లేచిన దుప్పట్లనే తిరగేసి, సెంటు కొట్టి, ఆ పెద్దల పరుపుల మీద పరిపించినారు. ఇది గదులు సర్దేవారు మాతో స్వయంగా చెప్పిన మాట. ఆ పెద్దలు వెళ్తూ వెళ్తూ, పక్కలు బహు శుభ్రంగా ఉన్నవని హోటలు వారి అతిథుల పుస్తకంలో మెచ్చుకోలు రాసి మరీ పోయినారు.

5. మరునాడు నోటీసు బోర్డు మీద "బాయిలరు మరమ్మతు కారణంగా లాండ్రీ సిబ్బందికి నిన్నటి దినము వేతనంతో కూడిన సెలవు" అని అంటించినారు. సమ్మె అన్న మాటే లేదు. జీతం కోత పడలేదని మావాళ్ళు చంకలు గుద్దుకున్నారు. "ఇదేమిటయ్యా, మనం వానలో నిలబడింది సెలవు కోసమా?" అని నాయకుణ్ణి అడిగితిని. "ఊరుకో అక్కా. సమ్మె జరిగింది, జీతమూ దక్కింది. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. నాకేం కావాలో అప్పటికి నాకూ తెలియలేదు. రోత మాత్రం పుట్టింది.

6. ఆ నోటీసు పోయి పోయి యజమానుల దగ్గరికి చేరినది. బాయిలరు దానంతటది చెడదు గదా, చెడగొట్టినవాడెవడు అని వారు అడిగినారు. సమ్మె జరిగిందని నోరు విప్పలేని మేనేజరు గారికి ఇప్పుడొక మనిషి కావలసి వచ్చినాడు. బాయిలరుకు ఉన్నది ఒక్కడే మనిషి. డ్యూటీలో నిద్రపోయి నీళ్ళు ఇగిరిపోనిచ్చినాడని రాసి మా అల్లుని తీసివేసినారు. అంతటితో పోనివ్వక, బాయిలరు నడిపే సర్టిఫికెట్టు కూడా రద్దు చేయమని పైకి సిఫార్సు పంపినారు. అది రద్దయితే అతణ్ణి ఏ బాయిలరు ఛాయలకూ రానివ్వరు. వేరే పని అతనికి రాదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ప్రెషర్ కుక్కరు వంక చూస్తుంటాడు. అది కూత వేయకముందే లేచి మంట తగ్గిస్తాడు. నా కూతురు ఆ వంటింట్లో నిలబడి కళ్ళొత్తుకుంటుంది.

7. విచారణ అని పేరు పెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినే గుమాస్తా గదిలోకి పిలిచినారు. అడిగిన ప్రశ్న ఒక్కటే: బాయిలరు చెడిందా, లేదా. చెడలేదంటే సమ్మె చేశామని ఒప్పుకున్నట్టు, ఉద్యోగానికి ముప్పు. చెడిందంటే సుఖం. మడత బల్ల ఆవిడ "ఏదో పొగలాంటిది వచ్చినట్టుంది సార్" అన్నది. నాయకుడు "అది సాంకేతిక విషయం, మనకు తెలియదు" అని నీళ్ళు నమిలినాడు. సముద్రాల అవతలి మనిషి పేరును తప్పు పోకుండా నేర్చుకున్న నోళ్ళు అయ్యా ఇవి. పక్క గదిలో రోజూ తమతో పాటు చెమట కార్చినవాడి కోసం రెండు ముక్కలు పలకలేకపోయినవి. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పితిని. గుమాస్తా దానిని "అల్లునిపై గల అమితమైన ప్రేమ చేత అవాస్తవము పలికినది" అని రాసుకున్నాడు. ఆ అబద్ధానికి వచ్చినంత ఒళ్ళుమంట నాకు మరి దేనికీ రాలేదు.

8. ఇదే విషయమై లోగడ తమ కార్యాలయానికి ఒక అర్జీ పెట్టుకొంటిని. బాయిలరు అన్న మాట కనబడగానే తమవారు దానిని బాయిలర్ల తనిఖీ విభాగానికి తోసేసి చేతులు దులుపుకున్నారు. తనిఖీ ఆయన వచ్చి, బాయిలరు వెలిగించి చూసి, మంచి స్థితిలో ఉన్నదని రాసిచ్చినాడు. ఆ కాగితాన్ని మేనేజరు గారు "మరమ్మతు తృప్తికరము" అనే శీర్షిక కింద ఫైలులో కుట్టించినారు. నిజం చెప్పించుకుందామని పిలిచిన మనిషి చేతనే అబద్ధానికి ముద్ర వేయించిన ఘనత మా హోటలుది, తమ కార్యాలయానిది కూడా.

9. కావున దయామయులైన తమరు, "దయామయులైన" అని రాయకపోతే తీసుకోరని తమ గేటు దగ్గర అర్జీలు రాసేవాడు చెప్పినందున రాసితిని, సదరు దినమున బాయిలరు నిక్షేపంగా ఉన్నదనియు, ఆపినవాడు దానిని పద్ధతిగానే ఆపినాడనియు, లాండ్రీలోని నలభై మందిమి మా ఇష్టపూర్వకంగా పని మానితిమనియు నమోదు చేయించి, మా అల్లుని సర్టిఫికెట్టు నిలిపి, అతని పని అతనికి ఇప్పించి, ఆ రోజు జీతం మా అందరి దగ్గరా కోయించవలెను. సాక్షుల సంతకాలకని వెనక పేజీ వదిలినాను. నాది తప్ప వేరే సంతకం లేదు.

చిత్తగించవలెను. అంత తీరిక లేకపోతే కనీసం ఈసారి చివరిదాకా చదివి ఎవరికి తోయవలెనో నిర్ణయించవలెను.

ఇట్లు,
ఇప్పటికింకా తమ విధేయురాలు,
ఇస్త్రీ బల్ల మనిషి

తాజా కలం: ఈ అర్జీ ముగించి ఇంట్లో చదివి వినిపించాను. మా అల్లుడు అంతా విని, "ఇది ఇవ్వకండి అత్తయ్యా" అన్నాడు. "ఏం, బాయిలరుతో కబుర్లు చెప్తావని రాసినందుకు కోపమొచ్చిందా?" అన్నాను.

"అది నిజమేగా. అది కాదు. ఇది ఇస్తే నలభై మంది వీధిన పడతారు."

"వాళ్ళు నిన్ను వీధిన పడెయ్యలేదూ?"

అతను లేచి వెళ్ళి కుక్కరు కింద మంట తగ్గించి వచ్చాడు. అలవాటే గదా అని నేను కాగితాలు మడవబోయాను. అప్పుడన్నాడు: "పడేశారు. కానీ ఆ రోజు వాళ్ళు నిలబడ్డారు అత్తయ్యా. వానలో కూడా. అది అబద్ధం కాదుగా."

అయ్యా, నాకేం కావాలో అతను ఆ మాట అన్నాక తెలిసింది. మా బతుకులో మేము సిగ్గుపడనక్కర్లేకుండా చేసిన పని అదొక్కటే. దాన్ని ఒక్కరోజు జీతానికి బాయిలరు కింద రాయించుకున్నాము. మావాళ్ళకు అక్కర్లేకపోయినా, మేము నిలబడ్డామని తమ పుస్తకంలో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అతను వద్దన్నా ఈ అర్జీ ఇస్తున్నాను. ముందు నా పేరు మీద రాయండి.